తెరపాఠము: గోదావరీ మండలమున యంత్రబోధన, తెలుగు నిర్దేశవాక్యము

తెలుగునాట విద్యాచరిత్ర వ్రాసినవారు పాఠశాలలను గూర్చియు, పాఠ్యగ్రంథములను గూర్చియు, పరీక్షలను గూర్చియు విరివిగా వ్రాసిరి. పనిని నేర్పు మాటను గూర్చి వ్రాసినవారు మిక్కిలి తక్కువ. వడ్రంగి తన శిష్యునకు ఉలి పట్టు విధమును చెప్పునపుడును, కరణము కొత్తగా వచ్చిన పిల్లవానికి చిట్టా కట్టు పద్ధతిని చూపునపుడును, ముద్రాలయమున ఫోర్‌మన్ అక్షరములు కూర్చుటను నేర్పునపుడును పలికిన వాక్యములు పలికినచోటనే గాలిలో కలిసిపోయినవి. అవి కావ్యములు కావు, శాసనములు కావు. కనుక పరిశోధకుని కంటబడలేదు. కంప్యూటరు వచ్చిన పిదప ఈ జాతి వాక్యమునకు విచిత్రమైన అదృష్టము పట్టినది. తెరపై ఒక పని జరుగుచుండగా చూపుచు, ఆ పనిని మాటతో చెప్పుచు, వినువానిచేత అప్పటికప్పుడే దానిని చేయించు పాఠములు దేశభాషలలో వేలకొలదిగా రూపొందినవి. వానిలోని మాట చెక్కుచెదరక నిలిచియున్నది. ఇట్టి పాఠమునకు మేమీ వ్యాసమున తెరపాఠమని పేరు పెట్టుకొనుచున్నాము. దాని పూర్వచరిత్రను, గోదావరీ మండలమున అది తొక్కిన దారిని, దానివలన తెలుగు వాక్యమునకు కలిగిన చిక్కులను పరిశీలించుట మా ఉద్దేశము.

గోదావరీ మండలమని మేమనునది 2022 ఏప్రిలులో జిల్లాలు విభజింపబడుటకు పూర్వమున్న తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలోని డెల్టా భాగము. ఈ చరిత్ర నిక్కడికి ముడిపెట్టుటకు హేతువు లున్నవి. కాకినాడలో 1946లో వెలసిన ఇంజనీరింగు కళాశాల మొదలు భీమవరము, సూరంపాలెము, తాడేపల్లిగూడెము వరకు సాంకేతిక విద్యాలయము లీ నేలపై దట్టముగా పెరిగినవి. వానిలో చేరువారిలో తెలుగు మాధ్యమమున పదవ తరగతి ముగించివచ్చిన గ్రామీణ విద్యార్థులు ఏనాడును కొదువ కారు. ఆంగ్లోపన్యాసమునకు తల యూపి, ప్రయోగశాలలో తెర యెదుట చేతులు ముడుచుకొని కూర్చుండు విద్యార్థిని ఎరుగని అధ్యాపకుడు ఈ మండలమున లేడు. అతడు మందబుద్ధి కాడు. నిర్దేశవాక్యమతనికి అందలేదు, అంతియే. ఈ వాక్యము ఏ భాషలో, ఏ తీరున అందవలెననునది అతని జీవితమును నిర్ణయించు ప్రశ్న.

ప్రశ్న కొత్తది కాదు. రాజమహేంద్రవరమున 1894లో ప్రభుత్వ శిక్షణ కళాశాల ఏర్పడినది. ఉపాధ్యాయునకు ఉపాధ్యాయత్వమును నేర్పుట అను భావమునకు అది మన ప్రాంతమున తొలి గృహములలో నొకటి. 1907 ప్రాంతమున ఉత్తర జిల్లాలకు పాఠశాలల పర్యవేక్షకుడుగా వచ్చిన జె. ఏ. యేట్సు దొర, వస్తువును చూపి దాని పేరు పలికించు డైరెక్టు మెథడ్ అను పద్ధతిని ప్రోత్సహించెను. జనులు మాటలాడు తెలుగునకును పుస్తకముల తెలుగునకును ఇంతటి యెడ మేలయని అతడడిగిన ప్రశ్నయే గిడుగు వేంకటరామమూర్తి పంతులవారి ఉద్యమమునకు బీజమైనదని అందరెరిగినదే. 1919లో రాజమహేంద్రవరమున వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజమేర్పడగా, గ్రాంథికమున అంతటి కృషి చేసిన కందుకూరి వీరేశలింగము పంతులుగారే దానికి అధ్యక్షులైరి. ఆ యేడే మే నెలలో ఆయన దివంగతులైరి. ఈ వివాదమును కావ్యభాషకు సంబంధించిన కలహముగా చెప్పుట పరిపాటి. దాని మూలమున నున్నది బోధనాప్రశ్న యని మా తలంపు: చూపు వ్రేలికిని, పలుకు మాటకును నడుమ అడ్డు ఉండరాదనుట. తెరపాఠమున చూపు వ్రేలు బాణపుగుర్తుగా మారినది. అంతకు మించి ప్రశ్న మారలేదు.

యంత్రముతో బోధించుట అను ఆలోచన పాశ్చాత్యులది. 1920 తరువాతి దశకమున అమెరికాలో ప్రెస్సీ అను మనస్తత్త్వవేత్త ప్రశ్నలడిగి సమాధానములను సరిచూచు పెట్టెను నిర్మించెను. 1954లో బి. ఎఫ్. స్కిన్నరు తన బోధనయంత్రమును ప్రదర్శించెను. పాఠమును చిన్న చిన్న మెట్లుగా విరిచి, ప్రతి మెట్టున విద్యార్థిచేత ఏదో యొకటి చేయించి, తోడనే ఫలితమును తెలుపుట ఆయన సూత్రము. 1960లో ఇల్లినాయి విశ్వవిద్యాలయమున ఆరంభమైన ప్లేటో అను వ్యవస్థ ఈ సూత్రమును కంప్యూటరున కెక్కించెను. మన దేశమున 1984లో క్లాస్ అను పథకముక్రింద ఎంపిక చేసిన పాఠశాలలకు బి.బి.సి. మైక్రో కంప్యూటర్లు వచ్చినవి. వానితో వచ్చిన పాఠముల భాష ఆంగ్లము.

తెలుగున మాత్రము యంత్రబోధన ధ్వనితో ఆరంభమైనది. 1948 డిసెంబరు 1వ తేదీన ఆకాశవాణి విజయవాడ కేంద్రము వెలసిన నాటినుండి డెల్టా రైతుకు పని నేర్పు మాట గాలిలో రాసాగెను. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు సైట్ అను ఉపగ్రహ ప్రయోగము జరిగినది. అమెరికా ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని సుమారు 2400 గ్రామములకు దూరదర్శన పాఠములు ప్రసారమయ్యెను. వానిలో తెలుగు పాఠములును కలవు. 1982లో హైదరాబాదున ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము, దేశమున మొట్టమొదటిది, స్థాపితమై పాఠములను ధ్వనిరూపమునను దృశ్యరూపమునను పంపసాగెను. ఇవన్నియు ఒకవైపు ప్రవాహములు. వినువాడు తిరిగి మాటలాడుటకు తావులేదు. తరువాత వచ్చిన మన టీవీ వంటి ఉపగ్రహ వాహినులలో దృశ్య మొకవైపుగను, ప్రశ్న టెలిఫోను ద్వారా రెండవవైపుగను సాగినను, ప్రశ్న అడిగినవాడు వందకొక్కడు.

నేర్చువానిచేత పని చేయించు తెలుగు పాఠము కంప్యూటరుపై మొదట కనబడినది చదువురాని పెద్దవారికొరకనుట మిక్కిలి గమనింపదగిన విషయము. 2000లో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ సంస్థ ఎఫ్. సి. కోహ్లీ ప్రేరణతో మెదకు జిల్లాలో కంప్యూటరు ద్వారా అక్షరాస్యత నేర్పు పద్ధతిని తెలుగుతోనే ఆరంభించినది. ఓనమాలతో కాక పూర్ణపదములతో పాఠము మొదలగును. తెరపై పదము కదలి, విడివడి, తన అక్షరములను తానే చూపును. వెనుకనుండి గొంతు పలుకును. సుమారు 40 గంటలలో పెద్దవారు సామాన్యమైన చదువు చదువగల స్థితికి వచ్చుట ఆ పద్ధతి లక్ష్యము. కార్యాలయములు పాతవని తీసివేసిన కంప్యూటర్లనే దానికి వినియోగించిరి. ఇసుకలో వ్రేలు పట్టి దిద్దించు గురువునకును ఈ పెట్టెకును భేదమెంత యున్నను, ఒకటి స్పష్టము: యంత్రము తెలుగున పలుకగా విని నేర్చుటకు పామరుడు జంకలేదు. జంకు చదువుకొన్నవారిదే.

ఇక గోదావరీ మండలమున కెల్ల విశిష్టమైన ఉదాహరణమునకు వత్తము. 2001లో, పశ్చిమ గోదావరి జిల్లా గరగపర్రు గ్రామమునకు చెందిన బైర్రాజు సత్యనారాయణరాజుగారి స్మృత్యర్థము ఆయన కుటుంబమువారు బైర్రాజు ఫౌండేషన్ అను ప్రతిష్ఠానమును నెలకొల్పిరి. సత్యం కంప్యూటర్సు సంస్థాపకులు ఆయన కుమారులే. ఆరోగ్యము, త్రాగునీరు, విద్య అను విషయములలో ఈ ప్రతిష్ఠానము డెల్టా గ్రామములలో పనిచేసెను. దాని కృషులలో అశ్విని అను పేరుగల నిస్తంత్రీ జాలము మనకిప్పుడు ప్రస్తుతము. భీమవరము కేంద్రముగా ముప్పదికి పైబడిన గ్రామములను కలిపి, రెండువైపుల దృశ్యమును రెండువైపుల ధ్వనిని పంపగల మార్గము నేర్పరచుట దాని సంకల్పము. పేరు దేవవైద్యులను తలపించును. నిజమునకు దూరవైద్యమును దూరవిద్యయు ఒకే తీగలేని దారిని పంచుకొన్నవి.

దాని సాంకేతికమును కొంత వివరించుట అవసరము, ఏలయన బోధనారూపమును అదియే నిర్ణయించినది. ఇంటిలోనో కార్యాలయములోనో పదిగజముల మేర పనిచేయుటకు ఉద్దేశింపబడిన వైఫై రేడియోలనే, ఒకే దిక్కునకు కేంద్రీకరించు ఆంటెన్నాలతో కిలోమీటర్ల దూరము పంపిరి. 2005లో మన ప్రభుత్వము 2.4 గిగాహెర్ట్జు పట్టీని లైసెన్సు నుండి విడుదల చేయుట ఇట్టి ప్రయత్నములకు కలిసివచ్చెను. డెల్టా చదునైన నేల, కొండలడ్డురావు. కాని కొబ్బరిచెట్టు అడ్డువచ్చును. రేడియో తరంగమునకు ఎదుటి స్తంభము కనబడవలెను గనుక చెట్ల తలలను మించిన స్తంభములను నాటవలసివచ్చెను. ఐ.ఐ.టి. కాన్పూరునకు చెందిన పరిశోధకులు భాస్కరన్ రామన్, కామేశ్వరి చేబ్రోలు ఈ జాలమును ప్రత్యక్షముగా పరిశీలించి 2007లో ప్రకటించిన వ్యాసములలో, ఇట్టి జాలములందు రేడియో పరికరముల కన్న స్తంభముల వెలయే అధికమని చూపిరి. విద్య పల్లెకు పోవు దారిలో ఖరీదైనది తెలివి కాదు, ఇనుము. ఈ మాట హాస్యమునకు చెప్పుట లేదు. పథకములు వ్రాయువారు ఆయవ్యయ పట్టికలో ఇప్పటికిని మరచునది ఇదియే.

అశ్విని మార్గమున ఆంగ్లభాషాబోధన, వైద్యుల సలహా, వ్యవసాయ సలహా గ్రామముల కందినవి. ఇచ్చట పాఠము నిజముగా సంవాదము. ఉపాధ్యాయుడు భీమవరమున, విద్యార్థులు ఊరిలో. ఒకరినొకరు చూతురు, ఒకరినొకరు ఆపగలరు. అర్థముకాని పిల్లవాని ముఖము తెరపై కనబడును. గోదావరి విద్యార్థి అర్థమైనను కాకున్నను "ఆయ్" అనుట కలదు; ఆ పలుకు వెనుకనున్నదేమో కనుల బట్టియే తెలియవలెను గాని చెవుల బట్టి తెలియదు. రికార్డు చేసిన పాఠమున కీ భాగ్యము లేదు. ఇదే ప్రతిష్ఠానము తూర్పున ఈతకోట, పశ్చిమమున జల్లికాకినాడ వంటి గ్రామములలో గ్రామ్ ఐటి అను కేంద్రములను తెరచి, చదువుకొన్న పల్లెయువకులకు ఆంగ్లమును కంప్యూటరు పనిని నేర్పి, నగరములు చేయించుకొను పనిని ఊరిలోనే చేయించెను. నేర్చుట, జీవించుట ఒకే కప్పు క్రిందికి వచ్చిన అరుదైన సందర్భమది.

2009 జనవరిలో సత్యం సంస్థ లెక్కల వ్యవహారము బయటపడిన పిదప ప్రతిష్ఠానమునకు ఆధారముగానున్న ద్రవ్యము సన్నగిల్లెను. పనులు కుంచించుకొనిపోయినవి. ఇచ్చట చరిత్రకారుడు గమనింపవలసినది ఒక వ్యక్తిని గూర్చియో సంస్థను గూర్చియో తీర్పు కాదు, రూపమును గూర్చిన తీర్పు. జీవంతమగు సంవాదపాఠము దారియున్నంతవరకే యుండును. దారి తెగిన మరునాడు అందులో చెప్పినదేదియు మిగులదు. తెరపాఠమునకు, అనగా ముందుగా కూర్చి నిలువయుంచిన పాఠమునకు, తరువాతి కాలమున ప్రాబల్యము కలుగుటకు ఇది యొక కారణము.

తెరపై జరుగుదానిని యథాతథముగా రికార్డు చేయు సాధనములు 1994లో లోటస్ స్క్రీన్‌క్యామ్‌తో జనసామాన్యమునకు వచ్చినవి. 2002లో క్యామ్‌టేషియా వచ్చినది. 2004లో జాన్ ఉడెల్ అను రచయిత తన పాఠకులను పేరడుగగా స్క్రీన్‌క్యాస్టు అను మాట పుట్టినది. మరుసటి యేడు యూట్యూబు వచ్చినది. తెలుగున కంప్యూటర్ ఎరా పత్రికా సంపాదకులు నల్లమోతు శ్రీధర్ మొదట అచ్చులోను పిదప వీడియోలలోను సాఫ్టువేరు పాఠములను వాడుకభాషలో విస్తారముగా చెప్పిరి. సంస్థలకు ముందే వ్యక్తులు దారి తీసిరనుటకు ఇది నిదర్శనము.

అప్పటికి మన రాజమహేంద్రవర ముద్రాలయములలో వేరొక పాఠశాల నడచుచునే యున్నది. అద్దేపల్లివారి సరస్వతీ ముద్రాలయము, కొండపల్లి వీరవెంకయ్యగారి ప్రచురణలు, గొల్లపూడి వీరాస్వామిగారి పంచాంగములు ఈ పట్టణమునకు తెచ్చిన పేరు తెలిసినదే. సీసపు అక్షరములు పోయి డి.టి.పి. వచ్చినపుడు అను, శ్రీలిపి మొదలగు లిపుల మీటల అమరికను ఏ గ్రంథమును చూచి ఎవరును నేర్వలేదు. ఆపరేటరు ప్రక్కన పిల్లవాడు స్టూలు వేసుకొని కూర్చుండి, వాని వ్రేళ్లు చూచి, సందు దొరికినపుడు తాను కొట్టి చూచెను. ప్రక్కన కూర్చుండి నేర్చుట యన్న ఈ పద్ధతికే మరియొకచోట శాస్త్రీయమగు రూపము కల్పింపబడినది.

అది ఐ.ఐ.టి. బొంబాయివారి స్పోకెన్ ట్యుటోరియల్ ప్రణాళిక. 2009లో కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన సమాచార సాంకేతిక విద్యా జాతీయ మిషన్ దానికి ధనసహాయము చేసినది. ఆచార్య కణ్ణన్ మౌద్గల్య దాని సూత్రధారులు. స్వేచ్ఛాసాఫ్టువేరు నేర్పుట విషయము. లిబ్రెఆఫీసు, లినక్సు, లేటెక్కు, సైల్యాబు, పైథాను మొదలగునవి. ఒక్కొక్క పాఠము సుమారు పది నిమిషములది. విద్యార్థి తెరలో ఒక ప్రక్క పాఠమును, మరియొక ప్రక్క సాఫ్టువేరును తెరచి, కొంత చూచి, ఆపి, తాను చేసి, మరల చూడవలెను. సంవాద మిక్కడ నోటితో కాదు, చేతితో. ఆపుట, వెనుకకు పోవుట, తిరిగి వినుట అను మూడు పనులే అతని ప్రశ్నలు. గురువు దరిలేనిచోట ఒంటిగా కూర్చున్న విద్యార్థిని దృష్టిలో నుంచుకొని పాఠము వ్రాయవలెననునది ఆ ప్రణాళికకు మూలసూత్రము. కార్యశాలలలో సైతము నిపుణుడు ఉపన్యసింపడు; నిర్వాహకుడు పాఠములను అందించి, చివర పరీక్ష జరిపించును. అంతర్జాలము లేనిచోట పాఠములను డిస్కులలో నిచ్చిరి.

మాకు ఈ పాఠములలో మిక్కిలి ఆసక్తి కలిగించినది వాని రచనావిధానము. మొదట వ్రాతప్రతి, పిదప రికార్డు. వ్రాతప్రతి రెండు నిలువు పట్టీలుగా నుండును: ఎడమ పట్టీలో తెరమీద జరుగవలసిన క్రియ, కుడి పట్టీలో పలుకవలసిన మాట. ఆ ప్రతిని విషయమెరుగని యొకనికిచ్చి, దానిని బట్టి అతడు పని చేయగలడేమో చూతురు. అతడు తడబడినచోట తప్పు వానిది కాదు, ప్రతిది. మన వ్యాఖ్యాతలెవరును తమ టీకను ఇట్టి పరీక్షకు నిలిపినట్లు వినలేదు. నిలిపియుండిన కొన్ని వ్యాఖ్యలు ఇంత పెరిగియుండవు. తరువాత ఆ పాఠము ఇరువదిరెండు భారతీయ భాషలలోనికి, తెలుగుతో సహా, డబ్బింగు రూపమున పోవును. అయితే మారునది ధ్వని మాత్రమే. తెర ఆంగ్లముననే యుండును. దృశ్యమున ఏ క్షణమున బాణపుగుర్తు కదలునో, ఆ క్షణముననే తెలుగు మాట దానిని కలియవలెను.

ఈ నియమమే తెలుగు నిర్దేశవాక్యమును అపూర్వమైన పరీక్షకు గురిచేసినది. ఆంగ్లమున "క్లిక్" అను క్రియ ముందు వచ్చును, వస్తువు వెనుక వచ్చును. తెలుగున వస్తువు ముందు, క్రియ చివర. ఇది లోపమని పలువురు అనువాదకులు తలంచుట కలదు. మా యభిప్రాయము దీనికి విరుద్ధము. తెరపై బాణము మొదట వస్తువును చేరును, పిదప నొక్కును; కావున తెలుగు పదక్రమము క్రియాక్రమముతో సహజముగా కలిసిపోవును. అంతకు మించి, చిన్నయసూరి 1858లో క్త్వార్థకమని వివరించిన రూపము మన భాషలో పనిని నేర్పు మాటకు వెన్నెముక. "ఫైల్ మెనూలోకి వెళ్లి, సేవ్ యాజ్ మీద నొక్కి, పేరు టైపు చేసి, సేవ్ నొక్కండి" అని యొకే వాక్యమున నాలుగు మెట్లను దించవచ్చును. ఆంగ్లమున దీనికి "ఆ తరువాత", "అటుపిమ్మట" అను అర్థముగల పదములు నడుమ నడుమ కావలెను. ఆవకాయ పెట్టు విధము చెప్పు ముత్తైదువ నోట వినబడునదియు ఈ క్త్వార్థకమాలయే.

కాని యొక చిక్కు కలదు. దీనిని గుర్తింపక చేసిన అనువాదములలో విద్యార్థి తప్పక తడబడును. తెరపాఠమున వక్త మూడు విధముల మాటలాడును. తాను చేసి చూపును: "చేస్తాను". వినువానిని చేయుమనును: "చేయండి". ఇద్దరిని కలుపుకొనును: "చేద్దాం". చూడవలసినది ఎప్పుడు, చేయవలసినది ఎప్పుడు అను సంగతి ఈ ప్రత్యయములలో నున్నది. ఆంగ్లమున వక్త "నేను" అని వాక్యాదిని చెప్పివేయును. తెలుగున కర్తృపదమును విడిచిపెట్టుట అలవాటు. క్త్వార్థకమునకు పురుషభేదము లేదు. వెళ్లి, నొక్కి, టైపు చేసి యని వినుచున్న విద్యార్థి, తనను చేయుమనుచున్నారో లేక వక్త చేసి చూపుచున్నాడో వాక్యము ముగియువరకు ఎరుగడు. ఎరుగక మొదటి క్త్వార్థకముననే చేయి కదపును. సమాపకక్రియ వచ్చునప్పటికి అతని తెర ఒకచోట, పాఠపు తెర మరియొకచోట. విరుగుడు సులభము. "ఇప్పుడు మీరు" అనియో "ముందుగా నేను" అనియో కర్తను వాక్యాదిని నిలుపవలెను; మూడు క్త్వార్థకములకు మించి గ్రుచ్చరాదు. కర్తృలోపము కథనమునకు అందమే, నిర్దేశమునకు కాదు. మన వ్యాకరణములలో ఈ భేదమునకు తగిన చోటు లేదు.

మనము, మేము అను భేదమును ఇట్టిదే. ఆంగ్లమున రెంటికి ఒకే పదము. పాఠమును కూర్చినవారు "మేము ఈ పాఠములో చూపెదము" అన్నచో విద్యార్థి వెలుపల నిలుచును. "మనము చూతము" అన్నచో లోపలికి వచ్చును. అనువాదకుడు ప్రతి వాక్యమున దీనిని నిర్ణయింపవలసియుండును, మూలము అతనికి ఏ సహాయమును చేయదు.

ఇక పరిభాష. దీనిపై ఆవేశముతో వ్రాసినవారు రెండు పక్షములవారును అధికముగానే యున్నారు గనుక మేము క్లుప్తముగా చెప్పెదము. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో వెన్న నాగార్జున చేతిమీదుగా ఆరంభమైన నాటినుండి అచ్చట వాడుకరి, దస్త్రము, మూస, వర్గము అను మాటలు నలిగి స్థిరపడినవి. దస్త్రము కచేరీ మాట. మూస కంసాలి మాట. ఇవి పండితులు గదిలో కూర్చుండి పోతపోసినవి కావు, పనిచేయువారు పాత సామానులోనుండి తీసికొన్నవి, అందువలననే బ్రతికినవి. అయినను ఆంగ్లపు తెరను చూపుచు "దస్త్రమును తెరవండి" యన్నచో విద్యార్థి ఆ మాటను తెరపై ఎక్కడ వెదకవలెను? తెరపై నున్నది ఫైల్ అను మాట. కనుక తెర ఆంగ్లమున నున్నంతవరకు తెరపై వ్రాసియున్న పేర్లను ఉన్నట్లు పలుకుటయు, క్రియలను తెలుగున చెప్పుటయు యుక్తము. తెరయే తెలుగైనపుడు పేర్లును తెలుగు కావలెను. డౌన్‌లోడును దిగుమతి యనుట ప్రమాదకరము, ఏలయన ఇంపోర్టునకును అదే మాట వాడుదురు. రెండును ఒకే మెనూలో కనబడినపుడు గతియేమి?

క్రియల విషయమున కాలమానము కూడ తెలుగునకు తోడ్పడును. "క్లిక్ చేయండి" కన్న "నొక్కండి" పొట్టిది; డబ్బింగునకు క్షణములే ధనము. "భద్రపరచండి" మాత్రము "సేవ్ చేయండి" కన్న పొడవు. కావున అంతట తెలుగు, లేక అంతట ఆంగ్లము అను పట్టుదల రెండును పనికిరావు. ఒక్కొక్క మాటను గడియారము పెట్టి తూచవలెను.

తరువాతి చరిత్ర వడివడిగా నడచినది. 2016 సెప్టెంబరు తరువాత ఫోను ద్వారా వీడియో చూచుటకగు వ్యయము అమాంతముగా తగ్గి, అశ్వినికి ఉక్కుస్తంభములు నాటవలసివచ్చిన ఊళ్లలోనే పిల్లల చేతిలో పాఠములు కనబడినవి. 2017లో స్వయం, దీక్ష అను జాతీయ వేదికలు వెలసినవి. 2020లో మహమ్మారివలన పాఠశాలలు మూతపడగా సప్తగిరి వాహినిలో పాఠములు ప్రసారమైనవి. 2021–22 నుండి ఆంధ్రప్రదేశమున డిగ్రీ తరగతులన్నియు ఆంగ్లమాధ్యమమున నడుపవలెనని ప్రభుత్వము నిర్ణయించినది. అదే యేడు ఇంజనీరింగును తెలుగుతో సహా దేశభాషలలో బోధించుటకు అఖిలభారత సాంకేతిక విద్యామండలి అనుమతించినది. ఈ రెండు నిర్ణయములు ఒకే విద్యార్థి యెదుట ఒకేసారి నిలుచుట విచిత్రము. 2022 డిసెంబరు 21న ఎనిమిదవ తరగతి విద్యార్థులకును ఉపాధ్యాయులకును సుమారు 5 లక్షల 18 వేల టాబులను బైజూస్ సంస్థ పాఠములతో పంచుట ఆరంభించిరి. 2024 జూలైలో ఆ సంస్థపై దివాలా ప్రక్రియ మొదలైనది. స్పోకెన్ ట్యుటోరియల్ పాఠములు స్వేచ్ఛాలైసెన్సున విడుదలైనవి; సంస్థ ఏమైనను ఎవరైనను వానిని పంచవచ్చును, దిద్దవచ్చును. కొన్న పాఠమునకును ఇట్టి పాఠమునకును గల భేదము విద్యావేత్తలు కన్న గ్రంథాలయాధికారులు త్వరగా గ్రహింతురు.

అయితే స్వేచ్ఛాపాఠమునకు వేరొక వ్యాధి కలదు. సాఫ్టువేరు మారును. మెనూ చోటు మారును, గుర్తు మారును. పాఠము మాత్రము పాత తెరనే చూపుచుండును. ఆంగ్లపాఠము ముగిసిన పిదపనే డబ్బింగు జరుగును గనుక తెలుగు పాఠము పుట్టుకతోనే కొంత వయసు మీరియుండును. ఇప్పుడు యంత్రానువాదము ఈ యెడమును తగ్గించునని ఆశించుచున్నారు. 2022లో కేంద్ర ప్రభుత్వము భాషిణిని ముందుకు తెచ్చినది; సాంకేతిక విద్యామండలియు అనువాదిని అను సాధనమును తెచ్చినది. యంత్రము చేసిన తెలుగు డబ్బింగును పరిశీలించువారు పదములను గాక కర్తృపదము ఎక్కడ పడినదో, క్త్వార్థకములు ఎన్ని వరుసగా వచ్చినవో, మనము మేము అను వాని నిర్ణయము ఎట్లు జరిగినదో చూడవలెను. అందులకు కొలకర్రగా మనుష్యులు చేసిన పాఠముల వ్రాతప్రతులు, ప్రతి వాక్యమునకు నిమిషము, సెకను గుర్తు వేసినవి, ఆంగ్లమును తెలుగును ప్రక్కప్రక్కన కలవి, సిద్ధముగా నున్నవి. బొమ్మూరులోని సాహిత్య పీఠమునను, 2006లో వెలసిన ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయమునను తెలుగు చదువు విద్యార్థి యొక్కడు ఒక్క లిబ్రెఆఫీసు పాఠమాలను తీసికొని, ఎన్ని క్త్వార్థకముల తరువాత సమాపకక్రియ వచ్చుచున్నదో, ఆలోపల తెరపై బాణము ఎన్నిసార్లు కదలినదో లెక్కించుటకు ఒక సంవత్సరము చాలును.